వినడానికి కూడా చదవాలా? ఓఈటీ లిజనింగ్‌తో నా అనుభవం

ఓఈటీకి, అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్యరంగం వాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షకి, చదివే నర్సులు నన్ను అడిగేదంతా రైటింగ్ గురించే. లెటర్ ఎట్టా మొదలుపెట్టాలి, ఎన్ని పదాలుండాలి, కేస్ నోట్సులో ఏది వదిలెయ్యాలి అని. లిజనింగ్ మాటెత్తితే "వినేదే కదక్కా, దానికేముంది" అంటారు. నాకు మాత్రం నాలుగు పేపర్లలోకీ ఎక్కువ కాలం తిన్నది అదే. అందుకే మిగతా మూడూ పక్కన పెట్టి ఆ ఒక్కదాని గురించే రాస్తున్నా.

ముందు లెక్కలు చెప్పేస్తా. యూకేలో నర్సుగా పేరు నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి ఇంగ్లీషు వచ్చునని రుజువు చూపించాలి. ఏ రంగం వాళ్లయినా రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష అయితే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ 7, రైటింగ్‌లో 6.5 రావాలి. ఓఈటీ అయితే ఆ మూడింటికీ బి గ్రేడు, అంటే 500కి 350. రైటింగ్‌కి సి ప్లస్, అంటే 300 చాలు. 2017 చివర్లో ఆ కౌన్సిల్ ఓఈటీని కూడా ఒప్పుకుంది. అప్పట్నుంచి మా ఆసుపత్రిలో బయటికి వెళ్లాలనుకునేవాళ్లలో ఎక్కువమంది దీని వైపే చూస్తున్నారు.

నేను నెల్లూరులో, పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సొంతూరు బిట్రగుంట. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తరవాత బీఎస్సీ నర్సింగ్. ఓఈటీ ఫీజు నేను కట్టినప్పుడు 587 ఆస్ట్రేలియన్ డాలర్లు, మన డబ్బుల్లో 30 వేలు దాటింది. నాకు రెండు నెలల జీతం. ఐఈఎల్‌టీఎస్ దీనికంటే చాలా తక్కువలో అయిపోతుంది. అయినా ఓఈటీకే ఎందుకు వెళ్లానంటే, ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో చివరి భాగం ఒక యూనివర్సిటీ లెక్చరు. అది తేనెటీగల మీద ఉండొచ్చు, పాతకాలపు ఓడల మీద ఉండొచ్చు. ఓఈటీలో ఏం వచ్చినా రోగి, మందు, వార్డు, వీటి చుట్టూనే తిరుగుతుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఓఈటీ 12 వృత్తుల వాళ్లు రాసే పరీక్ష. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, పళ్ల డాక్టర్లు, ఆఖరికి పశువుల డాక్టర్లు కూడా. రైటింగ్, స్పీకింగ్ ఎవరి వృత్తివి వాళ్లకి. లిజనింగ్, రీడింగ్ మాత్రం అందరికీ ఒకటే. కాబట్టి నర్సింగ్ సబ్జెక్టు వచ్చినంత మాత్రాన ఆడియో వచ్చేసినట్టు కాదు. పాదాల వైద్యం చేసే పోడియాట్రిస్టు మాట్లాడొచ్చు, మాట సరిగా రాని పిల్లలకి నేర్పే స్పీచ్ థెరపిస్టు మాట్లాడొచ్చు. నేను జన్మలో పోడియాట్రిస్టుని చూసింది లేదు.

సుమారు 40 నిమిషాల పరీక్ష, 42 ప్రశ్నలు. పార్ట్ ఎ లో రెండు కేసులు. ఆసుపత్రి మనిషీ రోగీ మాట్లాడుకుంటుంటే నోట్సులో ఖాళీలు పూరించాలి, కేసుకి 12 చొప్పున 24. పార్ట్ బి లో ఆరు చిన్న ముక్కలు, ముక్కకో ప్రశ్న. పార్ట్ సి లో రెండు పొడుగాటి ప్రసంగాలో ఇంటర్వ్యూలో, 12 ప్రశ్నలు. ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. సిస్టర్, మళ్లీ చెప్పండి అనేందుకు లేదు. బి గ్రేడుకి 30 చుట్టుపక్కల రావాలని అందరూ అనుకునే లెక్క, పేపర్ని బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది.

నేను చేరిన కోచింగ్ సెంటర్లో లిజనింగ్ క్లాసు అంటే మాక్ టెస్టే. స్పీకర్లో ఆడియో పెడతారు, రాయిస్తారు, కీ చదువుతారు, మార్కులు వేసుకోమంటారు. ఈ ఖాళీ ఎందుకు పోయింది సార్ అని అడిగితే "ఇంకా వినండమ్మా, వినగా వినగా అదే వస్తుంది" అనేవాళ్లు. నా మార్కులు 22కీ 27కీ మధ్య ఊగుతుండేవి, అంతకు మించి కదల్లేదు. పూటకోసారి థర్మామీటరు పెట్టినంత మాత్రాన జ్వరం తగ్గుతుందా? మాక్ టెస్టు ఎంత వచ్చిందో చెప్తుంది, ఎందుకు రాలేదో చెప్పదు. ఈ మాట నాకు ఎవరైనా ముందే చెప్పుంటే ఆ డబ్బులతో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కునేదాన్ని.

దారి మారింది స్క్రిప్టుల దగ్గర. ఓఈటీ వాళ్ల వెబ్‌సైట్లో శాంపిల్ టెస్టులు ఉచితంగా దొరుకుతాయి, వాటితో పాటు ఆడియోలో ఏం మాట్లాడారో అక్షరం పొల్లుపోకుండా అచ్చేసిన స్క్రిప్టు కూడా ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు. ఒక ప్రాక్టీసు ఆడియోలో పేషెంటు "అనేకిన్ మై షోల్డ" అంటోంది. ఎన్నిసార్లు విన్నా నాకు 'అనేకిన్' అనే వినపడుతోంది. ఇదేదో కొత్త జబ్బు పేరేమో అనుకుంటూ స్క్రిప్టు తీసి చూస్తే: యాన్, ఏక్, ఇన్. భుజంలో నొప్పి.

ఏక్ అనే మాట నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, హెడేక్, స్టమక్ ఏక్ అంటూనే పెరిగాం. అయితే అది కాగితం మీద, రెండు పక్కలా ఖాళీ వదిలి ఉంటేనే తెలుసు. ముందు మాటలోని న కారం వచ్చి దానికి అంటుకుని, వెనక మాట దాని తోక పట్టుకుంటే గుర్తు పట్టలేకపోయా. సంధి మనకేం కొత్త కాదు. వాడెక్కడున్నాడు అంటాం గానీ వాడు, ఎక్కడ, ఉన్నాడు అని విడగొట్టి పలకం. కాకపోతే మనం పలికినట్టే రాస్తాం, కాబట్టి సంధి కంటికీ కనపడుతుంది. ఇంగ్లీషు వాళ్ల సంధి నోట్లో జరిగిపోతుంది, రాతలో ఆనవాలుండదు. మా స్కూల్లో గ్రామరు ఎంత గట్టిగా చెప్పినా ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మా తాత గుర్తొస్తాడు. ఆయన బిట్రగుంట లోకో షెడ్డులో ఖలాసీ. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట పెద్ద రైల్వే ఊరు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డ్రైవర్లూ ఫోర్‌మన్లూ ఇంగ్లీషులో అరిచి చెప్పే పనులన్నీ తాత చకచకా చేసుకుపోయేవాడట. ఆయనకి తెలుగులో సంతకం పెట్టడమే కష్టం. ఆయనకి ఇంగ్లీషు చెవిలోంచి వెళ్లింది, నాకు కంట్లోంచి వెళ్లింది. ఫార్మకాలజీ పుస్తకం మొత్తం ఇంగ్లీషులో చదివి పాసైన నేను, ఓ ముసలావిడ తన భుజం నొప్పి గురించి చెప్తుంటే పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే తప్ప, నాకు మాటలు రాక కాదు. అది తేలాక కొత్త పదాల జాబితాలు బట్టీ పట్టడం మానేశా.

ఆ తరవాత నేను చేసిన పని చెప్తా. కొంచెం చాదస్తంగా ఉంటుంది. పూర్తి టెస్టు పెట్టుకోవడం ఆపేసి, ఆడియోలో ఒక్క నిమిషం ముక్క తీసుకున్నా. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా వినడం. ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారు, అంతవరకే. రెండోసారి నుంచి వాక్యం వాక్యం ఆపుతూ, వినపడినది వినపడినట్టు రాయడం. అర్థమైనది కాదు, వినపడినది. మాట దొరక్కపోతే దాని శబ్దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. షుడ్ హ్యావ్ అయితే 'షుడవ్', గోయింగ్ టు అయితే 'గొనా', వాట్ టైమ్ అయితే 'వొటైమ్', ఎ బిట్ ఆఫ్ ఎ అయితే 'అబిటవ'. మన లిపి దీనికి భలే పనికొస్తుంది, నోటితో అన్నదాన్ని ఉన్నదున్నట్టు పట్టేస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో రాయబోతే చెయ్యి దానంతట అదే తెలిసిన మాట వైపు లాగేస్తుంది, అసలు శబ్దం జారిపోతుంది.

ఇక నాకు వినపడేది ఏమీ లేదు అనిపించేదాకా అదే నిమిషం. అప్పుడు స్క్రిప్టు పక్కన పెట్టుకుని సరిచూడ్డం. పోయిన ప్రతి చోటా ఎందుకు పోయిందో పక్కన రాసుకున్నా. మాటే తెలియకపోవడం ఒక రకం. ఊపిరాడక పిల్లికూతలొస్తే వీజీ అంటారని, చెమటకి ఒళ్లు జిగటగా చల్లబడితే క్లామీ అంటారని, నిద్రమబ్బుగా ఉంటే గ్రాగీ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఇవి నేర్చుకోవడం తేలిక, రాసుకుంటే అయిపోతుంది. రెండోది, మాట తెలుసు, శబ్దం తెలియదు. నావి ఎక్కువ ఈ గుంపులోవే. మూడోది, ఒక జవాబు రాస్తూ ఉండగా తరవాతది దాటిపోవడం. దానికి మందు వేరే.

సెలవుకి ఊరెళ్లినప్పుడు కూడా ఇదే పని. ఇయర్‌ఫోన్స్ చెడిపోయి ఫోన్ స్పీకర్లో పెట్టుకుంటే, వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ విసుక్కుంది. "ఏమ్మే, పొద్దున్నించి ఆ దొర ఒకే మాట చెప్తా ఉండాడు. పాపం ఆయన నోరన్నా నొప్పెట్టదా? నీకింకా అర్థం కాలేదా?" అర్థమైందమ్మా, వినపడలేదు అంటే ఆమె నా చెవుల వైపు అదో రకంగా చూసింది.

సరిచూసుకున్నాక చివరి పని, ఆడియోతో పాటు నేనూ పైకి అనడం. ఆయన ఎక్కడ నొక్కితే అక్కడ నొక్కి, ఎక్కడ మింగితే అక్కడ మింగి. హాస్టల్ డాబా మీద, నైట్ డ్యూటీ దిగొచ్చి స్నానం చేసిన తరవాత. నోటితో అననిదాన్ని చెవి పట్టుకోదని నా గట్టి నమ్మకం. షుడవ్ అని నేను పది మాట్లు అన్నాక అది ఏ ఆడియోలో వచ్చినా నా కోసమే అన్నట్టు వినపడేది. మా రూంమేటు కేరళ అమ్మాయి, నా కంటే ముందే ఓఈటీ పాసైంది. ఆమెని చేచీ అని పిలుస్తా. ఆమె మాత్రం ఇదంతా అనవసరం, రోజుకో టెస్టు రాస్తే చాలంటుంది. ఆమె చిన్నప్పట్నుంచి ఇంగ్లీషు మీడియం. ఎవరి చెవి వాళ్లది.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇబ్బంది పెట్టేవి కొన్ని కనిపెట్టా. ఇంగ్లండు వాళ్లు ర కారాన్ని మింగేస్తారు. వార్డ్ అనరు, 'వోడ్' అంటారు. సోర్ త్రోట్ కాదు, 'సో త్రోట్'. క్యాన్, కాంట్ సంగతి ఇంకా ప్రమాదం. చెయ్యగలను అన్నప్పుడు క్యాన్ అనేది 'కన్' అని ఊపిరంత చిన్నగా వచ్చి పోతుంది, చెయ్యలేను అన్నప్పుడు 'కాన్' అని దీర్ఘం వినపడి చివరి ట కారం సగం గొంతులోనే ఉండిపోతుంది. పేషెంటు మెట్లు ఎక్కగలడా లేదా అన్నది ఆ దీర్ఘం మీద ఆధారపడి ఉంటుంది. లండన్ వైపు వాళ్లయితే బాటిల్, వాటర్ లాంటి మాటల మధ్యలో ట కారాన్ని ఎగరగొట్టేసి అక్కడ చిన్న ఎక్కిళ్లు లాంటిది పెడతారు. ఆస్ట్రేలియా వాళ్ల ఎయిట్ నాకు చాన్నాళ్లు 'ఐట్' అనే వినపడింది. వీళ్లందరిలో నాకు తేలిగ్గా ఉండేది స్కాట్లాండు వాళ్ల మాట. అందరూ అది కష్టమంటారు. వాళ్లు ర కారాన్ని మనలాగే శుభ్రంగా పలుకుతారు మరి.

అంకెలు వేరే పాఠం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా చివరి న కారంలో ఉందనుకుంటాం, అది తరచూ వినపడదు. తేడా ఒత్తులో ఉంది. పదిహేను అయితే వెనక సగం గట్టిగా పొడుగ్గా వస్తుంది, యాభై అయితే ముందు సగం గట్టిగా వచ్చి వెనకది పొట్టిగా తెగిపోతుంది. వార్డులో అయితే మేం ఫోన్లో డోసు చెప్పించుకునేటప్పుడు వన్ ఫైవా, ఫైవ్ జీరోనా అని అడిగి తీరతాం. పరీక్షలో అడగలేం కాబట్టి 13, 30, 14, 40 ఇట్లా జతలు పెట్టుకుని ఆ ఒత్తు మీదే చెవి పెట్టా. సున్నాని 'ఓ' అంటారు. హాఫ్ సెవెన్ అంటే ఏడున్నర. ఫోర్ట్‌నైట్ అంటే రెండు వారాలు. బ్రిటన్ పేషెంట్లు బరువు స్టోన్లలో చెప్తారు, ఒక స్టోను 14 పౌండ్లు, కేజీల్లో ఆరుంపావు పైచిలుకు. ఒక స్టోను తగ్గాను అంటే చిన్న విషయం కాదు, డాక్టరు వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు, అక్కడే తరవాతి ఖాళీ ఉంటుంది.

పార్ట్ ఎ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మార్కుల్లో సగం పైన అక్కడే ఉన్నాయి. దీన్ని చూసి మొదట నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ పని నేను రోజూ చేసేదే. ఇందుకూరుపేట నుంచో ఉదయగిరి నుంచో వచ్చిన పెద్దావిడ మంచం మీద కూర్చుని మొదలుపెడుతుంది. "మొన్న సంతకి పొయ్యొచ్చినానా సిస్టరమ్మా, ఆ రాత్రి కడుపులో ఒకటే తిప్పడం. తెల్లారి లేస్తే కళ్లు బైర్లు కమ్మినయ్. కోడలేమో మజ్జిగ తాగమంటది..." సంతా, కోడలూ, మజ్జిగా అన్నీ వదిలేసి కేస్ షీట్లో నాసియా, గిడ్డీనెస్, ఎన్ని రోజుల్నుంచి అని మూడు ముక్కలు రాస్తాం. పార్ట్ ఎ లోనూ పేషెంట్లు ఇట్టాగే చెప్తారు, కుక్కని తిప్పడానికి వెళ్లి పడ్డాననో, మనవరాలి పెళ్లిలో కాళ్లు వాచాయనో. కథలో ఏది అక్కర్లేదో వడకట్టడం మనకి కొత్త కాదు.

అయితే వార్డు అలవాటు ఒక చోట ఎదురు తిరుగుతుంది. వార్డులో రోగి మాటని మనం వైద్యం మాటలోకి మారుస్తాం. ఇక్కడ మార్చకూడదు, విన్న మాటే రాయాలి. తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టుందని పేషెంటు పిన్స్ అండ్ నీడిల్స్ అంటే అదే రాయాలి, దానికి మన పుస్తకాల్లో ఉన్న పెద్ద పేరు కాదు. లూ (టాయిలెట్), టమ్మీ (పొట్ట), ఆఫ్ మై ఫుడ్ (తిండి సయించట్లేదు) లాంటివన్నీ ఉన్నవి ఉన్నట్టే. నొప్పి రకాలు కూడా ఒక పట్టిక వేసుకున్నా. పోటుకి త్రోబింగ్, పొడిచినట్టుంటే స్టాబింగ్, మందంగా సలిపితే డల్ ఏక్. తెలుగులో రోగి సలుపు అన్నా తీపు అన్నా పోటు అన్నా తేడా మనకి టక్కున తెలుస్తుంది. ఆ తేడా ఇంగ్లీషు మాటల మీద కూడా పడేదాకా అద్దం ముందు నిలబడి ఒళ్లంతా పట్టుకుంటూ అన్నా. చేచీ చూసి నిజంగానే నొప్పనుకుని బీపీ మిషన్ తెచ్చింది.

ఆడియో మొదలయ్యే ముందు నోట్సు చదువుకోవడానికి 30 సెకన్లు ఇస్తారు. ఆ కాస్తలో ఖాళీలన్నీ చదవాలని చూడకుండా హెడ్డింగులు చూడ్డం అలవాటు చేసుకున్నా. మెడికల్ హిస్టరీ, ప్రెజెంట్ సింప్టమ్స్, వర్క్, అట్టా ఉంటాయి. ఆసుపత్రి మనిషి అడిగే ప్రశ్నే మనకి సైగ. ఉద్యోగం ఎట్టా సాగుతోంది అని అడిగిందంటే కిందటి హెడ్డింగు అయిపోయినట్టే, అక్కడ ఖాళీ మిగిలినా వదిలేసి కళ్లు కిందికి దించాలి. ఇందాక చెప్పిన మూడో రకం ఇబ్బంది, రాస్తుంటే జారిపోయేది, దీనితోనే తగ్గింది. ఖాళీకి ముందు మాట, వెనక మాట చూసుకుంటే అక్కడ మందు పేరు రావాలా, ఒంట్లో భాగం రావాలా, అంకె రావాలా అనేది కూడా సగం తెలిసిపోతుంది.

పార్ట్ బి ని మా హ్యాండోవర్ నేర్పింది. పొద్దున ఏడింటికి నైట్ సిస్టరు డే సిస్టరుకి పేషెంట్లని అప్పజెప్పేటప్పుడు ఆమె పది విషయాలు చెప్తుంది, నిజానికి చెప్పదలుచుకున్నది ఒకటుంటుంది. ఈ పేషెంటుని కాస్త కనిపెట్టి ఉండు అనో, ఈ అటెండరుతో జాగ్రత్త అనో. పార్ట్ బి అడిగేది ఆ ఒక్కదాన్నే. ఇచ్చిన మూడు జవాబుల్లో మాటలన్నీ ఆడియోలో వినపడుతూనే ఉంటాయి, అందుకే మాట పట్టుకుని గుర్తు పెట్టేవాళ్లు మోసపోతారు. ముక్క అయిపోయాక కళ్లు మూసుకుని, ఈమె ఇది ఎందుకు చెప్పింది అని తెలుగులో నన్ను నేను అడుక్కునేదాన్ని. జవాబు తెలుగులోనే వచ్చేది. ఇంగ్లీషులోనే ఆలోచించాలి అనే కోచింగ్ సలహా నాకెప్పుడూ అచ్చిరాలేదు.

పార్ట్ సి నాకు చివరిదాకా ఇష్టం కాలేదు. పొడుగాటి మాట, అభిప్రాయాలు, నసుగుళ్లు. దీనికి ఆస్ట్రేలియా ఏబీసీ రేడియో వాళ్ల హెల్త్ రిపోర్ట్ పనికొచ్చింది. డాక్టర్లతో, పరిశోధకులతో ఇంటర్వ్యూలు, పక్కనే రాతప్రతి కూడా దొరుకుతుంది. అంతకుముందు వేడెక్కడానికి బీబీసీ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లీష్. అది తేలిక, పరీక్ష స్థాయి కాదు, కానీ దానికీ స్క్రిప్టు ఉంటుంది. స్క్రిప్టు లేని ఆడియో జోలికి నేను వెళ్లలేదు. కావలి బస్సులో చెవిలో పెట్టుకుని గంటల తరబడి విన్న రోజులూ ఉన్నాయి. హైవే మీద ఆ హారన్ల మధ్య అది వినడం కాదు, విన్నామన్న తృప్తి.

టైపింగు సంగతి ముందే చూసుకోవాలి. నేను కంప్యూటర్ మీద రాసే పరీక్ష ఎంచుకున్నా. ఫోన్లో బొటనవేళ్లతో ఎంత వేగంగా కొట్టినా కీబోర్డు దగ్గర అది అక్కరకు రాదు. మా తమ్ముడి లాప్‌టాప్ తెచ్చుకుని, ఆడియో నడుస్తుండగా జబ్బుల పేర్లు కొట్టడం సాధన చేశా. డయేరియా స్పెల్లింగు వేళ్లకి పట్టడానికి వారం పైన పట్టింది.

ఆ మధ్యలోనే రొట్టెల పండగ వచ్చింది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకి వచ్చే జనం సంగతి నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక పేరు మీద రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు రొట్టె ఇస్తారు. అమ్మ బిట్రగుంట నుంచి వచ్చి నన్ను నీళ్లలోకి లాక్కెళ్లింది. విద్య రొట్టె తీసుకోమని ఆమె, విదేశం రొట్టె తీసుకుంటానని నేను. చివరికి రెండూ తిన్నా. చుట్టూ కోర్కెలు అరుస్తున్న వేల గొంతుల్లో మనకి కావాల్సిన రొట్టె ఎవరి దగ్గరుందో విని పట్టుకోవడం కూడా తక్కువ లిజనింగ్ టెస్టేమీ కాదు.

పరీక్ష చెన్నైలో. ముందురోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి పెరంబూరులో మా పిన్ని వాళ్లింట్లో దిగా. ఆ రాత్రి కొత్త ఆడియో ఏదీ పెట్టలేదు, బాగా అరిగిన పాత ముక్క ఒకటి విని పడుకున్నా. సెంటర్లో పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్లాక హెడ్‌ఫోన్స్ శబ్దం సరిచూసుకోమంటారు. మొహమాటపడకుండా పెంచుకోండి, తగ్గించుకోండి, గరగరలాడితే చెప్పి మార్పించుకోండి. పార్ట్ ఎ రెండో కేసులో ఒక ఖాళీ నాకు దొరకలేదు. దాన్నక్కడే వదిలేసి ముందుకెళ్లా. ఇంతకుముందైతే దాని గురించే ఆలోచిస్తూ ఇంకో మూడు పోగొట్టుకునేదాన్ని. పార్ట్ సి లో 90 సెకన్లు ఇస్తారు ప్రశ్నలు చదవడానికి. అప్పుడు ప్రశ్నలు బాగా చదివి, జవాబుల మీద ఒక చూపు వేసి ఊరుకున్నా.

లిజనింగ్‌లో 380 వచ్చింది. రైటింగ్‌లో ఎంత అని అడక్కండి, సరిపోయింది. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, ఆ లోపల నర్సింగ్ కౌన్సిల్ కాగితాలు, కంప్యూటర్ మీద రాసే సీబీటీ అనే నర్సింగ్ పరీక్ష పూర్తి చేసుకోవాలి. ఓస్కీ అనే ప్రాక్టికల్ అక్కడికి వెళ్లాక. ఇప్పుడు నేను సీబీటీకి చదువుతున్నా, అందులో వినేదేమీ లేదు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు కూడా ఈ ఒక్క నిమిషం పద్ధతి వాడుకోవచ్చు, అక్కడా ఆడియో ఒక్కసారే. కాకపోతే రెండు తేడాలు గుర్తుంచుకోండి. అక్కడ 40 ప్రశ్నల్లో మాట రాయాల్సిన చోటల్లా స్పెల్లింగు తప్పితే మార్కు పోతుంది, బ్రిటిష్ స్పెల్లింగు రాసినా అమెరికన్ రాసినా పరవాలేదు. రెండు పదాలు మించకూడదు అని ఉన్నచోట మూడు రాస్తే, జవాబు సరైనదైనా సున్నాయే. కాగితం మీద రాసే పరీక్ష దొరికితే జవాబులు దించుకోవడానికి చివర్లో 10 నిమిషాలిస్తారు, కంప్యూటర్ మీద రాసేవాళ్లకి ఆ 10 నిమిషాలుండవు, సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. బుక్ చేసుకునే ముందే ఏది దొరుకుతోందో చూసుకుని తేల్చుకోండి.